చవక యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ స్టేజి దగ్గర నిలబడుతుందా? బల్ల మీదే తేల్చే పరీక్షలు

తక్కువ ధరలో దొరికే, సంచిలో పట్టే రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) గురించి ఎక్కడ చదివినా మొదట వచ్చే మాట ప్రీయాంప్ నాయిస్, అంటే మైకు సిగ్నల్‌ని పెంచే భాగం తానే చేసే రొద. దీనికి మైనస్ 128 అట, దానికి మైనస్ 129 అట (అంకె ఎంత కిందికి ఉంటే రొద అంత తక్కువ). గదిలో తలుపులు మూసుకుని మెల్లగా పాడేవాళ్లకు ఆ ఒక్క డెసిబెల్ ముఖ్యమేమో. స్టేజి పక్కన కూర్చుని రికార్డు చేసేవాళ్లకు మాత్రం అది దాదాపు అక్కర్లేని లెక్క.

ఎలాగంటారా? స్టేజీల మీద ఎక్కువగా కనిపించే షూర్ ఎస్‌ఎం58 మైకునే తీసుకోండి. 94 డెసిబెళ్ల శబ్దం తగిలితే అది ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు, అంటే సుమారు మైనస్ 52 డీబీయూ (0.775 వోల్టుల్ని సున్నాగా తీసుకుని చెప్పే డెసిబెల్ లెక్క). ఇంటర్‌ఫేస్ సొంత నాయిస్ మైనస్ 128 అయితే రెండింటి మధ్య దూరం 76 డెసిబెళ్లు. ఆ నాయిస్‌ని మైకు ముందు పుట్టిన శబ్దంగా మార్చి చెబితే 18 డెసిబెళ్లు మాత్రమే. ప్రీయాంప్ మరీ నాసిగా ఉండి మైనస్ 122 దగ్గరే ఆగిపోయినా 24 డెసిబెళ్లు. ఫ్యాన్లు, ఏసీ, కుర్చీల కిరకిర, దగ్గులు ఉన్న హాల్లో, అందరూ నిశ్శబ్దంగా కూర్చున్నప్పుడు కూడా, అంతకంటే ఎక్కువ రొదే ఉంటుంది. ప్రీయాంప్ నాయిస్ ఆ రొదలో మునిగిపోతుంది.

లైవ్‌లో చవక పరికరం దెబ్బతినేది వేరే చోట్ల. శబ్దం ఒక్కసారిగా పెరిగినప్పుడు, రెండు కండెన్సర్ మైకులకు (పనిచేయడానికి కరెంటు కావలసిన రకం) కరెంటు చాలనప్పుడు, రెండో గంటలో యూఎస్‌బీ తడబడినప్పుడు. అందుకే పరీక్షలూ అక్కడే పెట్టాలి.

కావలసిన సామాను తక్కువే. ఒక మల్టీమీటర్, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు నాలుగు, 150 ఓమ్‌లది ఒకటి, విడి ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు కేబుల్‌కి ఉండే మూడు పిన్నుల) మగ ప్లగ్గులు మూడు, రెండు వైపులా టీఆర్‌ఎస్ జాక్ (టిప్, రింగ్, స్లీవ్ అని మూడు భాగాలున్న జాక్) ఉన్న కేబుల్ ఒకటి, టీఆర్‌ఎస్ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ మగ ప్లగ్గుకు వెళ్లే కేబుల్ ఒకటి. సాఫ్ట్‌వేర్‌గా రికార్డింగుకీ ఎడిటింగుకీ ఆడాసిటీ, టోన్‌లు పంపి కొలవడానికి రూమ్ ఈక్యూ విజార్డ్ చాలు. రెండూ ఉచితమే.

ఫాంటమ్ పవర్: ఉత్త చేతులతో 48, బరువెత్తితే ఎంత?

ఫాంటమ్ అంటే మైకు కేబుల్ గుండానే కండెన్సర్ మైకుకి అందే 48 వోల్టుల కరెంటు. దాని స్విచ్ వేసి, ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్‌లో 1వ పిన్నుకూ 2వ పిన్నుకూ మధ్య డీసీ వోల్టేజి కొలవండి. తర్వాత 1, 3 మధ్య. 44 నుంచి 52 వోల్టుల లోపు ఉండాలి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆపితే ఏమీ తెలియదు, ఎందుకంటే కరెంటు లాగని చోట బలహీనమైన సర్క్యూట్ కూడా 48 చూపించగలదు.

ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ మగ ప్లగ్గులో 2 నుంచి 1కి ఒక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 3 నుంచి 1కి ఇంకొకటి సోల్డర్ చేయండి. ఇలాంటివి రెండు తయారుచేసి రెండు ఇన్‌పుట్లకూ ఒకేసారి పెట్టండి. ఇంటర్‌ఫేస్ లోపల ప్రతి పిన్నుకూ 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. కాబట్టి 48లో 10 వంతులు మీ రెసిస్టర్ మీద, 6.8 వంతులు లోపలిదాని మీద పడాలి. మీ రెసిస్టర్ మీద 28.6 వోల్టులు రావాలన్నమాట. 48కి బదులు 44 నుంచి 52 వరకు ఎంతున్నా ప్రమాణం ఒప్పుకుంటుంది కనుక 26 నుంచి 31 మధ్య ఏది వచ్చినా పాసే. ఒక్క ప్లగ్గు పెట్టినప్పుడు 28 వచ్చి, రెండోది పెట్టగానే 22కి జారిపోతే లోపలి కన్వర్టర్ చాలడం లేదని అర్థం. అలాంటి పరికరంతో ఒక కండెన్సర్ మైకు బాగానే పనిచేస్తుంది. రెండు పెడితే పెద్ద స్వరాల దగ్గర సౌండ్ పగులుతుంది. మీటర్ మాత్రం ఎర్రబడదు, పగిలేది మైకు లోపలే కాబట్టి. మైకు పాడైందనుకుని మార్చే తప్పు జరిగేది ఇక్కడే.

ఇది చివరికి యూఎస్‌బీ కరెంటు లెక్క. ఫాంటమ్ ప్రమాణం ప్రకారం ఒక మైకు గరిష్ఠంగా 10 మిల్లీయాంపులు లాగవచ్చు. రెండు మైకులకు దాదాపు 1 వాట్. 5 వోల్టుల్ని 48కి పెంచే కన్వర్టర్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే యూఎస్‌బీ నుంచి సుమారు 240 మిల్లీయాంపులు కావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేదే 500. మిగిలిన సగంలో చిప్పు, ప్రీయాంప్‌లు, హెడ్‌ఫోన్ యాంప్ బతకాలి. హెడ్‌ఫోన్ వాల్యూమ్ పెంచితే మైకు సౌండు మారడం వింతగా అనిపిస్తుంది కానీ చవక పరికరాల్లో జరగగలిగినదే. రెసిస్టర్ ప్లగ్గులు రెండూ ఉంచి, హెడ్‌ఫోన్‌లో పాట గట్టిగా పెట్టి, అప్పుడు మళ్లీ కొలవండి. అది అసలైన సంఖ్య.

కేబుల్‌ని కూడా అనుమానించండి. సన్నటి తీగలున్న పొడవాటి యూఎస్‌బీ కేబుల్‌లో వోల్టేజి దారిలోనే పడిపోతుంది. చిన్న యూఎస్‌బీ మీటర్ ఉంటే ఇంటర్‌ఫేస్ వైపు చివర పెట్టి చూడండి. 4.75 కంటే కిందికి దిగితే పొట్టిదీ లావుదీ వేయండి. రెండు మీటర్లు దాటకపోవడం మంచిది. ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే, డేటా తీగలే లేని కేబుళ్లు కూడా సంచిలో కలిసిపోయి ఉంటాయి. పరికరం వెలుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం కనపడదు.

పగిలే హద్దు ఎక్కడ

లైవ్‌లో స్పెసిఫికేషన్ కాగితం మీద ముందుగా వెతకాల్సిన అంకె ఇదే: గెయిన్ (ప్రీయాంప్ సిగ్నల్‌ని పెంచే మోతాదు) పూర్తిగా తగ్గించినప్పుడు మైకు ఇన్‌పుట్ ఎంత తట్టుకుంటుంది. ఈ తరగతిలో పేరున్న ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరం యూనిట్‌కి అది ప్లస్ 9 డీబీయూ, లైన్ ఇన్‌పుట్‌కి ప్లస్ 22. ఆ అంకె చెప్పని కంపెనీలూ ఉన్నాయి. అప్పుడు మనమే కొలుచుకోవాలి.

ముందు ఫాంటమ్ ఆపండి. డైరెక్ట్ మానిటర్ (ఇన్‌పుట్‌ని కంప్యూటర్ దాకా పోనివ్వకుండా నేరుగా వినిపించే స్విచ్) ఆపండి. సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ మానిటరింగ్ కూడా ఆపండి. లేకపోతే అవుట్‌పుట్ తిరిగి ఇన్‌పుట్‌లోకి వచ్చి కూత మొదలవుతుంది. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌పుట్ నుంచి టీఆర్‌ఎస్-ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో దాని మైకు ఇన్‌పుట్‌కే కలపండి. 200 హెర్ట్జ్ సైన్ తరంగం ప్లే చేయండి. 1 కిలోహెర్ట్జ్ వద్దు, చాలా మామూలు మల్టీమీటర్లు ఏసీ వోల్టేజిని 400 హెర్ట్జ్ దాటితే సరిగ్గా కొలవలేవు. గెయిన్ అడుగున పెట్టి, అవుట్‌పుట్ వాల్యూమ్‌ను మెల్లగా పెంచుతూ పోండి. రికార్డింగ్ మీటర్ సున్నా తాకిన చోట ఆగి, వాల్యూమ్ కదపకుండా కేబుల్ ఎక్స్‌ఎల్‌ఆర్ చివరను బయటికి తీసి, దాని 2, 3 పిన్నుల మధ్య ఏసీ వోల్టేజి చూడండి. 0.775 వోల్టులు అంటే 0 డీబీయూ, 1.23 అంటే ప్లస్ 4, 2.45 అంటే ప్లస్ 10, 7.75 అంటే ప్లస్ 20. వాల్యూమ్ చివరిదాకా తిప్పినా ఇన్‌పుట్ పగలకపోతే ఇంకా మంచిది, దాని హద్దు మీ అవుట్‌పుట్ కంటే పైనే ఉంది.

రావాల్సిన అంకె ఎంత? పాస్కల్‌కి (అంటే 94 డెసిబెళ్ల శబ్దానికి) 20 మిల్లీవోల్టులిచ్చే కండెన్సర్ మైకును స్నేర్ డ్రమ్ దగ్గర పెడితే 134 డెసిబెళ్ల పీకు వచ్చిందనుకోండి. అది 100 పాస్కళ్లు, మైకు నుంచి 2 వోల్టులు, అంటే ప్లస్ 8. ప్లస్ 9 హద్దున్న పరికరంలో గెయిన్ పూర్తిగా మూసేసినా మిగిలేది ఒక్క డెసిబెల్. ప్లస్ 2 హద్దున్నదానిలో ఏం చేసినా పగులుతుంది, సాఫ్ట్‌వేర్‌లో ఫేడర్ దించి ప్రయోజనం లేదు. మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య పెట్టే సిగ్నల్‌ని 20 డెసిబెళ్లు తగ్గించే ఎక్స్‌ఎల్‌ఆర్ ప్యాడ్ ఒకటి సంచిలో ఉంచుకోండి. కండెన్సర్‌కి వాడేటట్టయితే అది ఫాంటమ్‌ని దాటనిచ్చే రకమో కాదో చూసుకోవాలి.

సిగ్నల్ హద్దు దాటిందని చెప్పే క్లిప్ లైటును కూడా ఇదే సెటప్‌లో పరీక్షించండి. కొన్నిట్లో మైనస్ 3 దగ్గరే ఎర్రబడుతుంది, కొన్నిట్లో పగిలాక గానీ వెలగదు. ఏది మీదో తెలిసి ఉంటే చాలు.

గెయిన్ నాబ్ గురించి ఒక మాట. నాబ్ వెనకుండే చవక పొటెన్షియోమీటర్లలో ఆఖరి పదో వంతు తిప్పుడులోనే 15, 20 డెసిబెళ్లు దూకుతుంది. ఎడమ, కుడి నాబ్‌లు ఒకే గుర్తు దగ్గర ఉన్నా రెండు మూడు డెసిబెళ్లు తేడా రావచ్చు. ఒకే టోన్‌ను ముందు ఒక ఇన్‌పుట్‌లో, తర్వాత రెండోదానిలో పంపి, మీటర్లు సమానమైన చోట్ల సన్నటి మార్కర్‌తో గీతలు పెట్టుకోండి. స్టీరియో జత మైకులు వాడేవాళ్లకు ఇది తప్పనిసరి.

నాయిస్ కూడా కొలిచి తీరాలనుకునేవాళ్లకు

మూడో ప్లగ్గులో 2, 3 పిన్నుల మధ్య 150 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, గెయిన్ పూర్తిగా పెంచి, నిమిషం రికార్డు చేసి ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు స్థాయి) చూడండి. మైకు హద్దు ప్లస్ 9, గెయిన్ పరిధి 56 అయితే పూర్తి గెయిన్‌లో డిజిటల్ సున్నా మైనస్ 47 డీబీయూ దగ్గర ఉంటుంది. నాయిస్ మైనస్ 80 చూపిస్తే ఇన్‌పుట్ నాయిస్ మైనస్ 127. ఒక మెలిక ఉంది: కొన్ని మీటర్లు పూర్తి స్థాయి సైన్ తరంగానికి ఆర్‌ఎంఎస్ సున్నా అంటాయి, కొన్ని మైనస్ 3 అంటాయి. మీది రెండో రకమైతే వచ్చిన జవాబుకు 3 కలపాలి. కంపెనీలు చెప్పే అంకె సాధారణంగా ఏ-వెయిటింగ్‌తో (చెవికి తక్కువగా వినిపించే ఫ్రీక్వెన్సీలను తక్కువగా లెక్కేసే పద్ధతి) ఉంటుంది, అది ఇంకో రెండు మూడు డెసిబెళ్లు అందంగా కనిపిస్తుంది. 150 ఓమ్‌ల రెసిస్టర్ తన వేడి వల్లే చేసే నాయిస్ మైనస్ 131 కనుక, అంతకంటే మంచి అంకె వస్తే పరికరాన్ని మెచ్చుకోకండి, లెక్క మళ్లీ చూసుకోండి.

మిక్సర్ నుంచి తీసుకుంటే

లైవ్ రికార్డింగుల్లో ఎక్కువ పాడయ్యేది ఈ ఒక్క కనెక్షన్ దగ్గర. మిక్సర్ అవుట్‌పుట్ ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంటర్‌ఫేస్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్, జాక్ రెండూ పట్టే కాంబో సాకెట్. చూడగానే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ వేయాలనిపిస్తుంది. కాంబో సాకెట్‌లో ఎక్స్‌ఎల్‌ఆర్ వేస్తే సిగ్నల్ వెళ్లేది మైకు ప్రీయాంప్‌లోకి. ప్రొఫెషనల్ మిక్సర్ మామూలు స్థాయే ప్లస్ 4, పీకులు ప్లస్ 20 దాకా పోతాయి. ప్లస్ 9 హద్దు దగ్గర అవన్నీ నలిగిపోతాయి. పైగా ఫాంటమ్ వేసి ఉంటే 48 వోల్టులు మిక్సర్ అవుట్‌పుట్‌లోకి ఎదురెక్కుతాయి.

ఎక్స్‌ఎల్‌ఆర్ ఆడ ప్లగ్గు నుంచి టీఆర్‌ఎస్ జాక్‌కి వెళ్లే కేబుల్ వాడండి: 2వ పిన్ను టిప్‌కి, 3 రింగ్‌కి, 1 స్లీవ్‌కి. కాంబో మధ్యలో జాక్ దిగితే అది లైన్ ఇన్‌పుట్, అక్కడ ఫాంటమ్ ఉండదు. ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి ఉందేమో చూడండి. అది గిటార్ కోసం, మిక్సర్ సిగ్నల్‌కి కాదు. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ తప్ప గతి లేకపోతే మిక్సర్‌లో మీకిచ్చే ఆక్స్ సెండ్‌ను (మెయిన్ మిక్స్ కాని విడి అవుట్‌పుట్) 15 నుంచి 20 డెసిబెళ్లు తగ్గించమని అడగండి.

మెయిన్ మిక్స్ ఒక్కటే నమ్ముకోవద్దు. చిన్న హాల్లో డ్రమ్ కిట్ దానంతటదే గట్టిగా వినిపిస్తుంది కాబట్టి సౌండ్ ఇంజనీర్ దాన్ని స్పీకర్లలోకి పెద్దగా పంపడు. ఆ మిక్స్ రికార్డింగులో గొంతు ఆకాశంలో, డ్రమ్స్ పాతాళంలో ఉంటాయి. రెండే ఇన్‌పుట్లున్నప్పుడు మేలైన పంపకం ఇది: ఒకటో ఇన్‌పుట్‌కి మిక్సర్ మోనో, రెండోదానికి హాల్లో ఒక మైకు. హాలు మైకు స్టేజికి 10 మీటర్ల దూరంలో ఉంటే దాని సౌండ్ 29 మిల్లీసెకండ్లు ఆలస్యంగా వస్తుంది. తర్వాత ఎడిటింగ్‌లో ఆ ట్రాక్ అంత ముందుగా మొదలయ్యేలా జరపాలి, లేకపోతే ప్రతి దెబ్బ రెండుసార్లు తగిలినట్టుంటుంది.

మూడు గంటల పరీక్ష

అయిదు నిమిషాల రికార్డింగ్ అన్ని ఇంటర్‌ఫేస్‌లూ చేస్తాయి. అసలు సంగతి తెలియాలంటే లైన్ అవుట్‌పుట్ నుంచి ఒకటో ఇన్‌పుట్‌కి టీఆర్‌ఎస్ కేబుల్ వేసి, రెండో ఇన్‌పుట్‌లో రెసిస్టర్ ప్లగ్గు పెట్టి, ఫాంటమ్ ఆన్ చేసి, 200 హెర్ట్జ్ సైన్‌ను మూడు గంటలు ప్లే చేస్తూ రికార్డు చేయండి. ఆ తర్వాత ఫైలు మీద 2 కిలోహెర్ట్జ్ దగ్గర నిటారైన హైపాస్ ఫిల్టర్ (అంతకంటే కింది స్వరాలను కోసేసేది) వేయండి. సైన్ మాయమవుతుంది. ఎక్కడైనా శాంపిళ్లు జారిపోయి ఉంటే అక్కడ చిటుక్కుమనే ముల్లు నిలబడుతుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో నిలువు గీతలుగా ఇంకా తేలిగ్గా కనిపిస్తాయి. మూడు గంటల్లో ఒక్కటి కూడా ఉండకూడదు.

ముళ్లు కనిపిస్తే పరికరాన్ని తిట్టే ముందు బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శాంపిళ్ల సంఖ్య) 1024కి పెంచండి. 48 కిలోహెర్ట్జ్‌లో అది 21 మిల్లీసెకండ్లు. ఉత్త రికార్డింగుకి ఆలస్యంతో పనేముంది? వినడానికి డైరెక్ట్ మానిటర్ ఉంది. విండోస్‌లో కంపెనీ ఇచ్చిన డ్రైవర్ వాడండి (మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే ఆడియో కోసమే చేసిన ఏఎస్‌ఐఓ రకం), పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి, నిద్ర మోడ్ ఆపండి, వైఫై, బ్లూటూత్ కట్టేయండి. అప్పటికీ వస్తుంటే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ నడిపి ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో చూడండి. చాలాసార్లు అది ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ డ్రైవరే. హబ్ మధ్యలో ఉంటే తీసేసి నేరుగా పెట్టండి.

ఫైలు పరిమాణం ఇంకో గొయ్యి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, రెండు ఛానళ్లు అంటే గంటకు 1 జీబీ పైచిలుకు. సాధారణ వేవ్ ఫైలు 4 జీబీ దాటలేదు, అంటే 4 గంటల 8 నిమిషాలు. అదే 96 కిలోహెర్ట్జ్ పెడితే రెండు గంటల 4 నిమిషాలకే హద్దు, కార్యక్రమం చివరి పాటకు సరిగ్గా సరిపోయేంత దురదృష్టం. 48 చాలు. 96 కావాలంటే 4 జీబీ దాటగలిగే ఆర్‌ఎఫ్64 ఫార్మాట్ ఎంచుకోండి, డిస్కు ఫ్యాట్32 కాకుండా చూసుకోండి.

శాంపిల్ రేటు సిస్టమ్‌లో ఒకటి, సాఫ్ట్‌వేర్‌లో ఒకటి ఉండకూడదు. 48లో రికార్డైనదాన్ని 44.1 అనుకుని ప్లే చేస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ దిగుతుంది.

వీడియో కూడా తీస్తుంటే

ఇంటర్‌ఫేస్‌లో కాలం లెక్కపెట్టే క్రిస్టల్ ఒకటి, కెమెరాలో ఇంకొకటి. రెండింటి మధ్య 50 పీపీఎమ్ (పది లక్షల్లో 50 వంతులు) తేడా ఉన్నా గంటకు 180 మిల్లీసెకండ్లు జరుగుతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో నాలుగున్నర ఫ్రేములు, పెదాలకూ మాటకూ పొంతన పోవడానికి అది చాలు. కెమెరానీ ఇంటర్‌ఫేస్‌నీ పక్కపక్కన పెట్టి, మొదట ఒక చప్పట్టు, సరిగ్గా రెండు గంటల తర్వాత ఇంకో చప్పట్టు రికార్డు చేయండి. రెండు ఫైళ్లలో చప్పట్ల మధ్య దూరాలు పోల్చితే మీ జంట తేడా తెలుస్తుంది. అది దాదాపు స్థిరంగా ఉంటుంది కనుక, ఎడిటింగ్‌లో ఆడియోని అంత శాతం సాగదీస్తే లేదా కుదిస్తే సరిపోతుంది.

గుయ్‌మనే హమ్

ల్యాప్‌టాప్ ఛార్జర్ తగిలించగానే మొదలై, తీయగానే ఆగితే అది గ్రౌండ్ లూప్. మిక్సర్ ఎర్త్ ఒక దారి, ఛార్జర్ ఎర్త్ ఇంకో దారి, మధ్యలో మీ ఆడియో కేబుల్ షీల్డు. బ్యాటరీ మీద నడపడం తక్షణ ఉపాయం. మూడు గంటలు నిలిచే బ్యాటరీ లేకపోతే మిక్సర్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ఛార్జర్ ఎర్త్ పిన్ను విరిచేసే చిట్కా మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది, ఎవరు చెప్పినా వినకండి.

ఫోన్‌తో అయితే

డ్రైవర్ అక్కర్లేని క్లాస్ కంప్లయంట్ ఇంటర్‌ఫేస్ అయితే ఫోన్‌కి కూడా కలుస్తుంది, కరెంటు మాత్రం కష్టం. ఫోన్ ఇచ్చేది చాలకపోతే ఫాంటమ్ వేసిన క్షణంలో పరికరం మాయమవుతుంది. విడిగా కరెంటు తీసుకునే హబ్ మధ్యలో పెట్టి, ఇదే మూడు గంటల పరీక్ష ఫోన్‌తో మళ్లీ చేయాలి. ఎయిర్‌ప్లేన్ మోడ్ మర్చిపోతే మధ్యలో వచ్చే కాల్ రికార్డింగ్‌ని ఆపేయగలదు.

ఆ రోజు

సౌండ్ చెక్‌లో పీకులు రికార్డింగ్ మీటర్ మీద మైనస్ 18 దగ్గర ఉంచండి. జనం ముందు ఎవరైనా 6 నుంచి 10 డెసిబెళ్లు పెంచే పాడతారు. తక్కువ పెడితే నాణ్యత పోతుందన్న భయం 16 బిట్ రోజులది. ఇప్పటి చవక కన్వర్టర్ కూడా సుమారు 105 డెసిబెళ్ల పరిధి ఇస్తుంది. 20 వదిలేసినా 85 మిగులుతుంది, హాలు రొదకీ గట్టి పీకుకీ మధ్య దూరం 70 దాటడమే అరుదు.

యూఎస్‌బీ కేబుల్‌ను ఇంటర్‌ఫేస్ పక్కనే స్టాండుకో బల్ల కాలుకో ఒక చుట్టు కట్టేయండి. టైప్-సి, మైక్రో సాకెట్లకు తాళం ఉండదు, ఒక కాలు తగిలితే చాలు. ఇంటర్‌ఫేస్ కింద దిండులా గుడ్డలు పెట్టవద్దు, పైన కప్పవద్దు, ఫాంటమ్ ఇచ్చే పెట్టె వేడెక్కుతుంది.

అయిపోయాక వరస ఇది: రికార్డింగ్ ఆపి సేవ్ చేయడం, హెడ్‌ఫోన్ వాల్యూమ్ దించడం, ఫాంటమ్ ఆపి పది సెకన్లు ఆగడం, ఆ తర్వాత మైకు కేబుళ్లు, చివరికి యూఎస్‌బీ. ల్యాప్‌టాప్ మూసే ముందు ఫైలును రెండో డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీనే తెరిచి మొదట్లో, మధ్యలో, చివర్లో పది పది సెకన్లు వినండి.